లంకెబిందెలు దొరకని సాహస కథ ఒకటి మా పిల్లలకు రాయండి

తెలుగులో పిల్లల కోసం రాస్తున్న రచయితలకు, బొమ్మలు వేసే చిత్రకారులకు, ఆ పుస్తకాలు అచ్చువేసే ప్రచురణకర్తలకు,

నమస్కారం.

నేను పల్నాడులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్‌ని. ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి. బడి లైబ్రరీ కూడా నేనే చూస్తాను. లైబ్రరీ అంటే రెండు ఇనుప బీరువాలు, ఒక రిజిస్టరు, శనివారం మధ్యాహ్నం ఒక పీరియడు. ఆ బీరువాలోంచి నా చేత్తో నేనే తీసి ఇచ్చిన ఒక పుస్తకం వల్ల జరిగిన సంగతి మీకు చెప్పాలని ఈ ఉత్తరం.

అదొక సాహస కథ. దాని పేరు, వేసినవారి పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి చాలా ఉన్నాయి. నలుగురు పిల్లలు సెలవులకు తాతగారి ఊరు వెళతారు. ఊరి బయట పాడుబడిన గుడి, గుళ్లో నంది, నంది మీద ఒక గుర్తు. ఆ గుర్తు పట్టుకుని రాత్రిపూట తవ్వితే లంకెబిందెలు బయటపడతాయి. దొంగలు దొరికిపోతారు. అందరూ చప్పట్లు కొడతారు. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఆ పుస్తకం కోసం పోటీపడ్డారు. తెలుగు వాచకం కూడబలుక్కుని చదివే పిల్లవాడు కూడా రెండు రోజుల్లో పూర్తిచేసి తెచ్చాడు. అట్ట ఊడిపోతే నేనే జిగురు పెట్టి అతికించాను. అంత సంతోషం ఆ ఏడాది నాకు ఇంకోటి లేదు.

మా ఊరికి కాస్త దూరంలో, గుట్ట వాలులో, పెద్ద పెద్ద బండలు గుండ్రంగా పేర్చి ఉంటాయి. ఊళ్లో వాటిని రాకాసి గుళ్లు అంటారు. అంత బరువైన రాళ్లు మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులు పెట్టారని పెద్దవాళ్ల మాట. ఒక ఆదివారం మా వాళ్లు ముగ్గురు గునపం, పార పట్టుకుని అక్కడికి వెళ్లారు. ఒక వలయం మధ్యలో తవ్వారు. మోకాలి లోతు దాటాక కుండలు తగిలాయి. బంగారం ఉందేమోనని పగలగొట్టారు. లోపల మట్టి. ఇంకా కింద ఏదో తుప్పుపట్టిన ఇనుప ముక్క వస్తే విసిరేశారు. సోమవారం పొద్దున ఒకడు నా దగ్గరికి వచ్చి జేబులోంచి ఒక పెంకు తీసి చూపించాడు. “ఏమీ దొరకలేదు మేడం. ఒట్టి కుండ పెంకులే.”

వాడి మీద నాకు కోపం రాలేదు. వాడు పుస్తకంలో చదివిన పనే చేశాడు. ఆ పుస్తకం ఇచ్చింది నేను.

ఆ రాళ్ల వలయాలు ఇనుప యుగం నాటి సమాధులు. దక్షిణాదిలో ఇలాంటివి రెండు వేల నుంచి మూడు వేల ఏళ్ల కిందటివి. చనిపోయినవారితో పాటు కుండలు, ఇనుప పనిముట్లు పెట్టి పూడ్చి, చుట్టూ బండలు నిలబెట్టేవారు. మా వాళ్లు విసిరేసిన ఆ తుప్పు ముక్క ఒక కత్తో, బాణం మొనో కావచ్చు. అది ఎంత లోతులో ఉంది, ఏ కుండ పక్కన ఉంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నదాన్ని బట్టే దాని కథ తెలుస్తుంది. చోటు కదిలిందంటే ఆ కథ పోయినట్టే. మళ్లీ పెట్టలేం. ఈ ఒక్క విషయం మా పిల్లలకు ముందే తెలిసి ఉంటే గునపం ఎత్తేవారు కాదని నా నమ్మకం. నేను పాఠంలో చెప్పలేదు. పాఠంలో లేదు. ఆ సాహస కథలో అసలే లేదు.

పత్రికల్లో మీరూ చూస్తూనే ఉంటారు. గుప్తనిధుల కోసం ఫలానా ఊళ్లో గుడి తవ్వారు, నంది విగ్రహం పగలగొట్టారు, శివలింగం పెకిలించారు. తెలుగు నేల మీద ఈ వార్త రాని ఏడాది లేదు. పెద్దవాళ్లు చేస్తున్న ఈ పాడుపని మీద పిల్లలకు మనం ఇంకా మోజు పుట్టించే కథలు రాయడం న్యాయమేనా? అందుకే మొట్టమొదట అడుగుతున్నాను. పాత గుళ్ల మీద, కోటల మీద సాహస కథ రాసేటప్పుడు లంకెబిందెలు దొరికే కథ దయచేసి ఇక రాయకండి.

సాహసం వద్దని అనడం లేదు. సాహసమే కావాలి. మా పిల్లలు చదివేది అదే. పాఠ్యపుస్తకంలో గుడి గురించి ఉండే మూడు వాక్యాలు నాకే నిద్ర తెప్పిస్తాయి. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, శిల్పకళ అద్భుతం. ఆ మూడో వాక్యం దగ్గర పాఠం అయిపోతుంది. పిల్లల ప్రశ్న మొదలయ్యేదే అక్కడ. ఎలా కట్టారు? రాయి ఎక్కడిది? పైకి ఎలా ఎక్కించారు? పడిపోకుండా ఎలా ఉంది? కూలీలు అన్నం ఎక్కడ తిన్నారు?

ఆ పెంకు సంగతి చెబుతాను. లోపలంతా నలుపు. బయట అంచు దగ్గర నలుపు, కిందికి వచ్చేసరికి ఎరుపు. నేను దాన్ని తరగతిలో అందరి చేతికీ ఇచ్చి, రెండు రంగులు ఎలా వచ్చాయని అడిగాను. రంగు వేశారన్నారు. కాలిపోయిందన్నారు. చివరికి అందరం కలిసి మా ఊరి కుమ్మరాయన దగ్గరికి వెళ్లాం. ఆయన వయసు డెబ్బై పైనే. పెంకును వెలుతురులో పెట్టి చూసి, ఏమాత్రం ఆలోచించకుండా, “దీన్ని ఆవంలో బోర్లించి కాల్చారమ్మా” అన్నారు. కుండను బోర్లిస్తే మూతి బూడిదలో కూరుకుపోతుంది. లోపలికి గాలి ఆడదు. గాలి ఆడనిచోట మట్టి నల్లబడుతుంది, గాలి తగిలిన చోట ఎర్రబడుతుంది. పురావస్తు శాస్త్రవేత్తలు పుస్తకాల్లో ఇచ్చే వివరణ కూడా ఇదే. రెండు వేల ఏళ్ల కిందటి కుమ్మరి చేసిన పనిని మా ఊరి కుమ్మరి ఒక్క చూపులో పట్టేశారు. ఆ పెంకు తెచ్చిన పిల్లవాడు తిరుగుదారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బడి దగ్గరికి వచ్చాక, “మేడం, మిగతావి కూడా పగలగొట్టకుండా ఉండాల్సింది” అన్నాడు.

నాకు కావలసిన పుస్తకం అక్కడే కనిపించింది. ఒక పెంకు, ఒక కుమ్మరి, ఒక ప్రశ్న. ఇంతకంటే మంచి డిటెక్టివ్ కథ ఎక్కడుంది?

మాకు బాగా దగ్గర్లో ఉన్నది నాగార్జునకొండ. ప్రతి ఏడూ పిల్లల్ని తీసుకెళతాను. అక్కడి లోయలో నిలబడిన ఒక పాత స్తంభాన్ని చూసి, ఇది మామూలు రాయి కాదని గుర్తించి ప్రభుత్వానికి తెలియజేసింది ఒక బడిపంతులు. సూరపరాజు వెంకటరామయ్య గారు. 1926లో మద్రాసు నుంచి శాసనాల విభాగంలో పనిచేసే సరస్వతి గారు వచ్చి చూశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అలా మళ్లీ లోకానికి తెలిసింది. ఒక బడిపంతులు గారి చూపుతో ఇంత పెద్ద సంగతి మొదలైందని మా పిల్లలకు చెప్పిన రోజు, వాళ్లు నా వైపు చూసిన తీరు నేను మరచిపోలేను. ఆయన మీద పిల్లల పుస్తకం ఒక్కటి కూడా నాకు ఇంతవరకు కనబడలేదు.

ఆ తర్వాత జరిగింది ఏ కల్పిత కథకూ తీసిపోదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పూర్తయితే లోయ మొత్తం నీళ్ల కిందికి పోతుంది. ఆ లోయలో పాత రాతియుగం పనిముట్లు మొదలుకొని స్తూపాలు, విహారాలు, గుళ్లు, స్నానఘట్టం, చుట్టూ మెట్లతో కట్టిన రంగస్థలం, మధ్యయుగం నాటి కట్టడాల దాకా ఉన్నాయి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. ఒకవైపు ఆనకట్ట లేస్తోంది, ఇంకోవైపు వీళ్లు కొలతలు తీసుకుంటున్నారు, గీస్తున్నారు, రాసుకుంటున్నారు. దేన్ని కొండ మీదికి చేర్చాలి? దేన్ని వదిలెయ్యాలి? కొన్ని కట్టడాలను విప్పి తీసుకెళ్లి కొండ మీద మళ్లీ కట్టారు. కొన్నిటిని అనుపు దగ్గర నిలబెట్టారు. మిగతావి నీళ్ల కింద ఉండిపోయాయి. ఆ కొండే ఇప్పుడు ద్వీపం. లాంచీలో వెళ్లాలి.

కిందటిసారి లాంచీ మధ్యలోకి వచ్చాక ఏడో తరగతి పాప ఒకతి కమ్మీ పట్టుకుని నీళ్లలోకి తొంగిచూస్తూ, “ఇప్పుడు మన కింద ఏముంది మేడం?” అంది. స్తూపమా, వీధా, ఎవరి ఇల్లా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పుస్తకం తెలుగులో కావాలి. నా మనసులో దాని రూపం కూడా ఉంది. ఒక పేజీ నిండా పాత లోయ పటం. దాని మీద నీలిరంగు పలచని పారదర్శక కాగితం, ఇప్పటి జలాశయం. కాగితం ఎత్తితే ఊరు, దించితే నీళ్లు. అచ్చుకు ఖర్చవుతుందని తెలుసు. ఆ ఒక్క పేజీకి ఖర్చుపెట్టి మిగతాదంతా నలుపు తెలుపులో వేసినా మా పిల్లలు ఏమీ అనుకోరు.

దానికి జంటగా ఒక సాహస కథ. తవ్వకాల శిబిరంలో పనికి వచ్చిన కూలీ దంపతుల కూతురు నాయిక అనుకోండి. నీళ్లు రావడానికి ఇంకా ఎన్నో రోజులు లేవు. ఆ పిల్ల మేకలు కాసే చోట ఒక రాతి మీద అక్షరాలు చూసింది. దాన్ని ఎవరికి చెప్పాలి? చెబితే నమ్ముతారా? నమ్మినా దాన్ని కాపాడే సమయం ఉందా? ఇందులో దొంగ అక్కర్లేదు, దెయ్యం అక్కర్లేదు. పెరుగుతున్న నీళ్లు చాలు టెన్షన్‌కి. పైగా ఆ శాసనాల్లో నిజంగానే ఆడవాళ్ల పేర్లు నిండుగా ఉన్నాయి. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి తోబుట్టువు శాంతిసిరి అక్కడి మహాచైత్యానికి, అంటే పెద్ద స్తూపానికి, దానం చేసింది. పైనుంచి చూస్తే ఆ స్తూపం పునాది బండిచక్రంలా ఉంటుంది, మధ్యలో ఇరుసు దూరే కుండ, చుట్టూ చక్రపు ఆకులు. లోపలి గోడల్ని అలా ఆకుల్లా కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపారు. ఇంత పెద్ద దిబ్బ జారిపోకుండా ఎలా నిలబడిందన్నదానికి జవాబు ఆ చక్రంలోనే ఉంది. కథలో మా నాయిక ఏదైనా చిక్కుముడి విప్పాలంటే ఇలాంటి నిజంతోనే విప్పాలని నా కోరిక.

ఇది నేను గట్టిగా పట్టుకున్న విషయం, కాస్త వివరంగా చెప్పనివ్వండి. చాలా కథల్లో పాత కోట అంటే వెనక వేలాడదీసిన తెర. ఆ కోట తీసేసి ఒక బంగళా పెట్టినా కథ మారదు. అలాంటి కథ చదివితే పిల్లలకు కోట గురించి ఏమీ అంటదు. అదే గోల్కొండ తీసుకోండి. కోట ప్రవేశద్వారం కప్పు కింద నిలబడి చప్పట్లు కొడితే, ఎక్కడో పైన, కొండ కొసన ఉన్న బాలాహిస్సార్ మండపం దగ్గర వినిపిస్తుంది. కింద ఒక పిల్ల, పైన ఒక పిల్లవాడు, మధ్యలో ఫోను పనిచేయని పరిస్థితి. ఎన్ని చప్పట్లకు ఏ అర్థమో వాళ్లు ముందే అనుకోవాలి. ఎక్కడ నిలబడితే వినిపిస్తుందో, ఎక్కడ వినిపించదో వాళ్లే పరీక్షించి కనుక్కోవాలి. అప్పుడు ఆ కోట కథలో ఒక పాత్ర అవుతుంది. చదివిన పిల్లలు గోల్కొండ వెళ్లిన రోజు పరుగెత్తుకుంటూ ఆ కప్పు కిందికే పోతారు. గోడల్లో మట్టి గొట్టాలు కనబడితే, నీళ్లు అంత ఎత్తుకు ఎలా తీసుకెళ్లారని వాళ్లే అడుగుతారు.

రామప్ప గుడి మీద మా పిల్లలు ఎక్కువగా విన్నమాట “నీళ్లలో తేలే ఇటుకలు”. అద్భుతం అని చెప్పి వదిలేస్తే అది గారడీగా మిగిలిపోతుంది. ఎందుకు తేలతాయి? ఇటుక నిండా సన్నని రంధ్రాలు, వాటి నిండా గాలి. అంత తేలిక ఇటుకలు ఎందుకు కావలసి వచ్చాయి? కింద పునాదిలో ఇసుక నింపి కట్టారు, పైన శిఖరం బరువు తగ్గాలి. ఇప్పుడు అది గారడీ కాదు, ఒక మనిషి బుర్ర. మేం బడిలో బంకమట్టిలో ఊక కలిపి చిన్న బిళ్లలు చేసి కాల్చి చూశాం. మావి తేలలేదు. ఊక కలపని బిళ్లల కన్నా తేలికగా మాత్రం వచ్చాయి. తేలనందుకు పిల్లలు నిరుత్సాహపడలేదు. ఊక ఇంకా ఎంత కలపాలి, మంట ఎంత ఉండాలి అని వాదించుకుంటూ ఇళ్లకు వెళ్లారు. పుస్తకంలో అలాంటి పని ఒకటి పెట్టండి. ఫలితం ముందే చెప్పకండి.

అదే గుడి విషయంలో ఇంకో సంగతి. రామప్ప అనే శిల్పి పేరు మీద గుడికి ఆ పేరు వచ్చిందని అందరం చెబుతాం. 1213 నాటి శాసనం మాత్రం గుడి కట్టించినవాడు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడని చెబుతుంది. గుళ్లో దేవుడు రామలింగేశ్వరుడు. మరి పేరు శిల్పిదా, దేవుడిదా? ఈ మూడు ముక్కలూ పిల్లల ముందు పెట్టి, ఏది రాతిమీద ఉంది, ఏది జనం నోట ఉంది అని విడదీయమనండి. తొమ్మిదేళ్ల పిల్లలు కూడా ఎంత బాగా విడదీస్తారో! లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసే సరదా వాళ్లకు తెలుసు. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడన్న కథా తెలుసు. ఆ కథను తీసెయ్యమని నేను అడగను, ఎంతో కాలంగా చెప్పుకుంటున్న కథ అది. “అని చెప్పుకుంటారు” అన్న మాట మాత్రం చేర్చండి. ఆ రెండు ముక్కలు చేర్చకపోవడం వల్ల పెద్దయ్యాక కూడా మనవాళ్లు పురాణాన్నీ చరిత్రనీ కలిపేసి కొట్లాడుకుంటున్నారు.

లేపాక్షి అన్నాను కాబట్టి ఒక మాట. అక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైనది సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం. పూర్తయిన గుడి తన రహస్యం దాచుకుంటుంది. ఆగిపోయిన మండపం విప్పి చూపిస్తుంది. స్తంభాలు నిలబెట్టారు, పైకప్పు వేయలేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది పిల్లలు నడుచుకుంటూ చూసి చెప్పగలరు. గొప్పగా పూర్తయినవాటి వెంటే పడకుండా ఇలాంటివాటి మీద కూడా రాయండి.

అమరావతి గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. ఆ స్తూపం ఉన్న దిబ్బను జనం దీపాలదిన్నె అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కొత్త ఊరు కట్టుకునేందుకు దాన్ని తవ్వి ఇటుకలు, రాతి పలకలు తీసుకుపోయారు. లోపల ధనం ఉంటుందన్న ఆశ కూడా తోడయిందని ఆనాటి రాతలు చెబుతాయి. ధనం దొరకలేదు. 1816లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రెండోసారి వచ్చి చూసేసరికి దిబ్బ నడిమి భాగం చెరువుగా మారి ఉంది. చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం కోసం కాలిపోయాయి. మెకంజీ తన చిత్రకారుల చేత మిగిలినవాటిని బొమ్మలు గీయించాడు. ఇవాళ లేని పలకలు కొన్ని ఆ బొమ్మల్లో మాత్రమే ఉన్నాయి. తర్వాత 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు పంపిన పలకలు చాలా భాగం లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలు వాటిని బస్సెక్కి వెళ్లి చూడగలరు. గుంటూరు పిల్లలు చూడలేరు. రెండు చోట్ల ఉన్న ఇద్దరు పిల్లలు ఉత్తరాలు రాసుకుంటూ, ఒకరు అక్కడి పలకలు చూసి, ఇంకొకరు ఇక్కడి మిగిలిన పునాదిలో నిలబడి, స్తూపాన్ని మళ్లీ ఊహలో కట్టుకునే కథ ఎవరైనా రాస్తారా? నాకైతే అది చదవాలని ఉంది.

మెకంజీ పేరు చెబితే పిల్లలు తెల్లదొర సాహసం అనుకుంటారు. ఆయన పక్కన ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు ఉన్నారు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య ఊరూరా తిరిగి, శాసనాలు చదివి, పెద్దవాళ్లను అడిగి రాసుకుని, చిన్న వయసులోనే 1803లో చనిపోయారు. ఆ పనిని తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నారు. ఇవాళ మనం కైఫీయతులు అని గొప్పగా చెప్పుకునే ఊళ్ల చరిత్రల వెనక ఇలాంటి మనవాళ్ల నడక ఉంది. గుర్రాలు, డేరాలు, అడవి దారులు, జ్వరాలు, ఎవరూ చదవలేని పాత లిపి. ఇంతకంటే సాహస కథానాయకుడు ఇంకెవరు కావాలి మనకు?

ఇక చిత్రకారులకు ఒక విన్నపం. దయచేసి వెళ్లి చూసి గీయండి. కాకతీయుల గుడి కథకు తమిళనాడు రాజగోపురం బొమ్మ వేసిన పుస్తకం మా బీరువాలో ఉంది. పిల్లలే కనిపెట్టి నాకు చూపించారు. గుడి పక్కన ఒక మనిషిని నిలబెట్టండి, ఎత్తు తెలుస్తుంది. గోడను నిలువునా కోసినట్టు ఒక బొమ్మ వేయండి. రాళ్లు మోసేవాళ్లనీ, ఉలులకు పదును పెట్టే కమ్మరినీ, అంబలి కాసే ఆడవాళ్లనీ వేయండి. రాజుగారి బొమ్మ ఒకటి తగ్గినా నష్టం లేదు.

ప్రచురణకర్తలారా, మీ ఇబ్బందులు నాకు కొంత తెలుసు. కాగితం ధర, అమ్ముడుపోని కట్టలు. అయినా ఒక మాట. నిజమైన సమాచారం ఉన్న పుస్తకాన్నీ, సాహస కథనూ విడివిడిగా వేసి, ఒకటి “జ్ఞానం” అరలో, ఇంకోటి “వినోదం” అరలో పెట్టకండి. రెండూ ఒకే గుడి మీద, ఒకే పటంతో, జంటగా రానివ్వండి. కథ అయిపోయాక నాలుగు పేజీల్లో, ఇందులో ఏది నిజం, ఏది రచయిత ఊహ అని ఒప్పుకుని రాయించండి. నా అనుభవంలో పిల్లలు ముందు ఆ పేజీలకే వెళతారు. సంభాషణల్లో మా పల్నాడు మాట, వరంగల్ మాట, అనంతపురం మాట అలాగే ఉండనివ్వండి.

సాహస కథలో చివరికి ఏదైనా దొరికితే, నాయిక దాన్ని కదిలించకుండా ఫోటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని, పెద్దవాళ్లకు చెప్పాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది. పిల్లలు కలెక్టరాఫీసు మెట్లెక్కి, ఎవరూ పట్టించుకోకపోయినా సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, చివరికి తమ మాట వినిపించుకునే అధ్యాయం ఒకటి రాసి చూడండి. మా తరగతిలో ఊపిరి బిగబట్టి వింటారు.

నావైపు నుంచి నేను చేయగలిగింది ఇది. మీలో ఎవరైనా ఇలాంటిది రాస్తే అచ్చుకు ముందు రాతప్రతి మా బడికి ఇవ్వండి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు నేను గట్టిగా చదివి వినిపిస్తాను. ఎక్కడ ఆవలించారో, ఎక్కడ “ఆపకండి మేడం” అన్నారో, ఏ మాట అర్థం కాలేదో పేజీల వారీగా రాసి తిప్పి పంపుతాను. నాగార్జునకొండ చూడాలనుకునే రచయిత ఎవరైనా మాతో పాటు లాంచీలో రావచ్చు. ఈసారి సంక్రాంతి సెలవుల తర్వాత వెళుతున్నాం. ఆ పెంకు తెచ్చిన పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. పెంకు మా లైబ్రరీ బీరువాలో చాక్‌పీసుల పెట్టెలో ఉంది. ఎక్కడ దొరికిందో వాడే పటం గీసి దాని కింద పెట్టాడు. మీరు వస్తే మీకు చూపించడానికి వాడు సిద్ధంగా ఉన్నాడు.

ఇట్లు,
పల్నాడు నుంచి ఒక సోషల్ టీచర్